చీమకుర్తి దుమ్ములో కారుకు మైనపు పూత

నేను పన్నెండేళ్ళుగా చీమకుర్తిలోని ఒక గ్రానైటు పాలిషింగ్ యూనిట్‌లో లెక్కలు చూస్తున్నాను. ఇల్లు ఒంగోలులో. రోజూ కర్నూలు రోడ్డు మీద ఇరవై కిలోమీటర్లు వెళ్ళి, సాయంత్రం మళ్ళీ ఇరవై కిలోమీటర్లు తిరిగి వస్తాను. ఆ దారిలో బండలు మోసే లారీల వెనుక లేచే సన్నని రాతి పొడి ఎలా ఉంటుందో ఆ రోడ్డు మీద తిరిగే వారందరికీ తెలుసు. అటువంటి దారిలో తిరగడానికి నాలుగేళ్ళ క్రితం నేను ముదురు నీలం రంగు కారు కొన్నాను. ముదురు రంగు మీద ప్రతి మరకా, ప్రతి గీతా కనిపిస్తుందని అప్పుడు ఆలోచించలేదు. అయినా ఆ రంగంటే నాకు ఇప్పటికీ ఎంతో ఇష్టం. ఆ ఇష్టమే నాకు కారు పెయింటు గురించి, దాని మీద చేతితో వేసే వాక్స్ గురించి తెలుసుకునే ఓపికనిచ్చింది.

కొన్న కొత్తలో నెలకు రెండుసార్లు ఒక వాటర్ సర్వీసింగ్ షెడ్డుకు పంపేవాడిని. ఏడాది తిరిగాక ఒకరోజు పదకొండు గంటల ఎండలో బానెట్ వైపు చూస్తే, సూర్యుడి ప్రతిబింబం చుట్టూ సాలెగూడు అల్లినట్లు వేల సన్నని గీతలు కనిపించాయి. నాకు ప్రాణం ఉసూరుమంది. మంచి వాక్స్ వేస్తే అవి పోతాయేమోనని తెలిసిన పెయింటర్ దగ్గరకు తీసుకెళ్ళాను. ఆయన వేలితో బానెట్‌ను ఒకసారి రాసి చూసి, "సార్, వాక్సు సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ తుడిచే గుడ్డ మార్పించండి" అన్నాడు. ఆ షెడ్డులో చక్రాలు తుడిచిన గుడ్డతోనే, అదే బకెట్ నీళ్ళతో నా బానెట్‌ను కూడా తుడిచేవారని ఆ తరువాత నిలబడి చూస్తే అర్థమైంది. అప్పటి నుంచి కారును నేనే కడుక్కుంటున్నాను, వాక్స్ కూడా నేనే వేసుకుంటున్నాను.

మా యూనిట్‌లో పలకకు మెరుపు ఎలా వస్తుందో రోజూ చూస్తాను. మొరటు రాయితో మొదలుపెట్టి, క్రమంగా సన్నని రాళ్ళతో, ధారగా నీళ్ళు వదులుతూ అరగదీస్తారు. బ్లాక్ గెలాక్సీ అనే నల్ల గ్రానైటు పలకలో బంగారు చుక్కల్లా కనిపించే బ్రాంజైట్ ఖనిజం ఆ అరుగుదల తరువాతనే కంటికి తేటగా కనిపిస్తుంది. పలక మందం మిల్లీమీటర్లలో ఉంటుంది కనుక కొంత అరిగినా నష్టం లేదు. కారు పెయింటు సంగతి అలా కాదు. ఇనుప రేకు మీద తుప్పు పట్టకుండా వేసే తొలి పూత, ఆ పైన ప్రైమర్, ఆ పైన రంగు, అన్నిటికీ పైన క్లియర్ కోట్ అనే రంగులేని పారదర్శక పొర, ఇవన్నీ కలిపినా సాధారణంగా 100 నుంచి 140 మైక్రాన్ల మందమే ఉంటుంది (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). అందులో క్లియర్ కోట్ వాటా సుమారు 40 మైక్రాన్లు. మన తల వెంట్రుక సుమారు 70 మైక్రాన్లు ఉంటుందనుకుంటే, కారు మెరుపంతా వెంట్రుక కంటే పలుచని ఆ పొర మీదే నిలిచి ఉందన్నమాట. ఎండలోని అతినీలలోహిత కిరణాలను అడ్డుకునే రసాయనాలు కూడా ఆ పొరలోనే ఉంటాయి. రబ్బింగ్ కాంపౌండుతో గీతలు పోగొట్టడమంటే, గీత లోతు వరకు ఆ పొరను అరగదీయడమే. ఒకసారి అరిగిన క్లియర్ కోట్ మళ్ళీ పెరగదు. అందుకే నాలుగేళ్ళలో నా కారుకు ఒక్కసారి మాత్రమే, అదీ ఆ పెయింటర్ చేతి మీదుగా, గీతలకు రబ్బింగ్ చేయించాను.

వాక్స్ చేసే పని వేరు. అది దేనినీ అరగదీయదు, గీతలను మాన్పదు. క్లియర్ కోట్ మీద ఒక మైక్రాను కూడా లేని పలుచని పొరగా పరుచుకుని, ఉప్పు, జిగురు, రెట్ట వంటివి పెయింటును నేరుగా తాకకుండా చూస్తుంది, పెయింటు బదులు తాను అరిగిపోతుంది. సన్నని గీతలలో కాస్త నిండి వాటిని కొంతకాలం కనిపించనివ్వదు కానీ, నాలుగు వానలు పడితే గీతలు మళ్ళీ బయటపడతాయి. కొందరు దుకాణదారులు వాక్స్‌తో గీతలు పోతాయని చెప్పి అమ్ముతారు. ఆ డబ్బాలో ఉన్నది చాలాసార్లు అరగదీసే పొడి కలిసిన క్లీనర్ వాక్స్ అయి ఉంటుంది. పాతబడి, వెలిసిపోయిన పెయింటుకు అది ఒకసారి పనికొస్తుందేమో గాని, క్రమం తప్పకుండా వేసుకునేది మాత్రం కాదు. డబ్బా మీద పాలిష్, కాంపౌండ్, క్లీనర్ అనే మాటలు ఉన్నాయో లేదో మొదట చూడాలని అందుకే నేను అందరికీ చెబుతుంటాను.

ఇక ఏ వాక్స్ ఎంచుకోవాలన్నది మన ఊరిని బట్టి ఆలోచించవలసిన విషయం. అందరి నోటా వినిపించే పేరు కార్నాబా. ఇది బ్రెజిల్ ఈశాన్య ప్రాంతంలో పెరిగే ఒక రకం తాటిజాతి చెట్టు ఆకుల మీద పేరుకునే మైనం. అక్కడి కరువు నేలలో, మండే ఎండలో ఆకులోని తేమ ఆవిరి కాకుండా ఆ చెట్టు తనకు తానే ఈ పూత పూసుకుంటుంది. ఆకులు కోసి, ఎండబెట్టి, దులిపితే పొడిగా రాలుతుంది. ప్రకృతిలో దొరికే మైనాలలో ఇది చాలా గట్టిది. మన తేనె మైనం సుమారు 63 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగితే, కార్నాబా 82 నుంచి 86 డిగ్రీల మధ్య కరుగుతుంది. అయితే అచ్చమైన కార్నాబా రాయిలా ఉంటుంది కాబట్టి దానిని నేరుగా కారుకు రాయలేము. నూనెలు, ద్రావకాలు, ఇతర మైనాలు కలిపి మెత్తగా చేస్తేనే అది చేతికి లొంగుతుంది. కనుక డబ్బా మీద నూటికి నూరు శాతం కార్నాబా అని రాసి ఉంటే, అందులోని మైనం కార్నాబా మాత్రమేనని అర్థం చేసుకోవాలి గాని, డబ్బా అంతా కార్నాబాయేనని అనుకోకూడదు. అలాగే, ఆ మిశ్రమం విడి కార్నాబా కంటే ముందే మెత్తబడుతుంది. రోహిణీ కార్తెలో ఆరుబయట నిలిపిన ముదురు రంగు కారు పైకప్పు మీద చెయ్యి ఆనించలేము. అటువంటి వేడిలో రెండు నెలలు ఉంటుందన్న కార్నాబా పూత నా కారు మీద ఐదారు వారాలకు మించి నిలవలేదు.

దీనికి బదులు పాలిమర్లతో తయారయ్యే సీలెంట్ అనే రకం ఉంది. దీనినే సింథటిక్ వాక్స్ అని కూడా అమ్ముతారు. కార్నాబా ఇచ్చే లోతైన, తడిసినట్టుండే మెరుపు దీనికి రాదని చాలామంది అంటారు. పక్కపక్కన రెండు తలుపులకు రెండు రకాలు వేసి చూశాను. ముదురు రంగు మీద ఆ తేడా నిజంగానే కొద్దిగా కనిపించింది. కానీ సీలెంట్ వేసిన తలుపు మీద నాలుగు నెలల తరువాత కూడా నీళ్ళు ముత్యాల్లా జారిపోయాయి. ఎండ, ఉప్పుగాలి, రాతి దుమ్ము మూడూ ఉన్న మన ప్రాంతానికి అడుగున సీలెంటే ఉండాలని నా నిశ్చితాభిప్రాయం. పండుగకో పెళ్ళికో ప్రత్యేకమైన మెరుపు కావాలనుకుంటే ఆ పైన కార్నాబా ఒక పూత వేసుకోవచ్చు. వరుస మాత్రం తారుమారు కాకూడదు. నూనెలున్న కార్నాబా మీద సీలెంట్ సరిగా పట్టదు. నీళ్ళలా ఉండే స్ప్రే వాక్స్‌లు కడిగిన తరువాత పై పూతను కాస్త తాజా చేయడానికి మంచివే, కానీ అవి ఒక్కటే చాలవు. సిరామిక్ కోటింగ్ అన్నింటికంటే ఎక్కువ కాలం నిలుస్తుంది. అయితే వేసే ముందు పెయింటును పూర్తిగా సరిచేయాలి, ఖర్చూ ఎక్కువే, పొరపాటు జరిగితే తుడిస్తే పోదు. ఇంటి పోర్టికోలో స్వయంగా చేసుకోదలచిన వారికి నేను దానిని సూచించను.

రాతి దుమ్ము గురించి ఇప్పటికే చెప్పాను. మిగతా శత్రువులు కూడా మన దగ్గర తక్కువేమీ కాదు. కొత్తపట్నం, మైపాడు వంటి తీరాలకు దగ్గరగా ఉన్న ఇళ్ళలో రాత్రంతా బయట ఉన్న కారు అద్దం మీద తెల్లవారేసరికి ఉప్పటి తేమ పడుతుంది. జాతీయ రహదారి మీద రొయ్యల లారీల నుంచి కారే నీళ్ళు వెనుక వచ్చే కారు ముందు భాగమంతా చిలుకుతాయి. ఉప్పు గాలిలోని తేమను పట్టుకుని ఉంటుంది కాబట్టి, రాయి తగిలి పెయింటు లేచిపోయిన చోట తుప్పు త్వరగా మొదలవుతుంది. అటువంటి చోట వాక్స్ ఏమీ చేయలేదు, ముందు టచప్ పెయింటు వేయించవలసిందే. వానలు మొదలైన సాయంత్రాలలో ఉసిళ్ళు గుంపులుగా వచ్చి బంపరుకు అంటుకుంటాయి. కాకి రెట్టలో యూరిక్ ఆమ్లం ఉంటుంది. ఎండకు అది బిగుసుకుపోతే క్లియర్ కోట్ మీద గుంట లాంటి మచ్చ పడుతుంది. రెట్ట మీద తడి గుడ్డను ఐదు నిమిషాలు ఉంచి, నానిన తరువాత పైకి ఎత్తి తీయాలి తప్ప రుద్దకూడదు. కానుగ చెట్టు నీడ చల్లగా ఉంటుందని కారు పెట్టామంటే, పురుగులు వదిలే బంక చుక్కలు చుక్కలుగా పడుతుంది. వాక్స్ ఉన్న పెయింటు మీద నుంచి ఇవన్నీ సులువుగా వదులుతాయి.

వీటన్నిటి కంటే నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టింది మా బోరు నీరు. అందులో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. బకెట్ అంచున కట్టే తెల్లని పొక్కే కారు మీద గుండ్రని మచ్చలుగా కడుతుంది. వాక్స్ వేసిన కారు మీద నీరు ముత్యాలుగా నిలుస్తుందని మురిసిపోతాము గాని, ఆ ముత్యం ఎండలో ఆరితే అందులోని లవణమంతా ఒకేచోట మిగిలిపోతుంది. అందుకని నేను చివరి కడుగుడుకు మాత్రం వాటర్ ప్లాంటు నుంచి తెచ్చే ఇరవై లీటర్ల క్యాను నీళ్ళు వాడతాను. బోరు నీళ్ళతో సబ్బంతా పోయాక, పైకప్పు నుంచి కిందికి ఒక క్యాను నిదానంగా పోసి వెంటనే తడి పీల్చే గుడ్డతో అద్దితే మచ్చ పడదు. మచ్చలు అప్పటికే ఉంటే, వెనిగర్‌లో అంతే నీరు కలిపి తడిపిన గుడ్డను కాసేపు ఉంచి కడిగేస్తే కొత్త మచ్చలు పోతాయి. అయితే దానితో అక్కడి వాక్స్ కూడా బలహీనపడుతుంది, మళ్ళీ వేసుకోవాలి.

వాక్స్ వేసే రోజు పనిలో మూడు వంతులు డబ్బా మూత తీయకముందే ఉంటుంది. మొదట తాకకుండా నీళ్ళు కొట్టి దుమ్ము జార్చాలి. ఉదయం లేచి పొడి గుడ్డతో కారు దులపడం మన ఇళ్ళలో అలవాటు. చీమకుర్తి దుమ్ము పట్టిన కారును అలా దులపడమంటే పెయింటు మీద గరుకు కాగితం రాసినట్లే. తరువాత రెండు బకెట్లు, ఒకదానిలో కారు షాంపూ నీళ్ళు, రెండవదానిలో గుడ్డ జాడించుకోవడానికి మంచి నీళ్ళు. పైనుంచి కిందికి కడగాలి. చక్రాలకు, కింది అంచులకు వేరే గుడ్డ ఉండాలి. గిన్నెలు తోమే ద్రవం రోజువారీ కడుగుడుకు మంచిది కాదు, అది ఉన్న వాక్స్‌ను తీసేస్తుంది.

కడిగి ఆరిన తరువాత ఒక పలుచని ప్లాస్టిక్ కవరు చేతికి తొడుక్కుని బానెట్ మీద మెల్లగా జరిపి చూడండి. ఒట్టి చేతికి నున్నగా తోచిన పెయింటు అప్పుడు ఇసుక చల్లినట్లు తగులుతుంది. నేను మొదటిసారి అలా చూసినప్పుడు నమ్మలేక రెండుసార్లు కడిగాను. అవి పెయింటులో గుచ్చుకుని ఉన్న ఇనుప రజను, బ్రేకుల పొడి, రంగు తుంపరలు, ఆరిన జిగురు. కడిగితే పోవు. వీటికి క్లే బార్ అనే మెత్తని ముద్ద దొరుకుతుంది. దానిని చపాతీ పిండిలా పిసికి, అరచేతిలో సగం ఉండే బిళ్ళ చేసుకుని, షాంపూ నీళ్ళు ధారాళంగా చల్లుతూ ఏ ఒత్తిడీ లేకుండా ముందుకూ వెనక్కూ జరపాలి. మొదట గరగరమని, తరువాత చప్పుడు లేకుండా జారుతుంది. బిళ్ళ నల్లబడగానే మడిచి శుభ్రమైన వైపు పైకి తేవాలి. నేల మీద పడితే మాత్రం నిర్దాక్షిణ్యంగా పారేయాలి. ఒక్క రాతి రేణువు దానిలో చిక్కుకున్నా పెయింటంతా గీసుకుపోతుంది. ఏడాదికి ఒకటి, రెండుసార్లకు మించి ఈ పని అవసరం ఉండదు.

వాక్స్ వేయడానికి చల్లని రేకు, నీడ రెండూ కావాలి. ఇంజను వేడి తగ్గి ఉండాలి. నేను ఆదివారం ఉదయం ఆరు గంటలకు, మంచు చెమ్మను తుడిచి, పోర్టికోలో మొదలుపెడతాను. స్పాంజి ప్యాడును ముందుగా కాస్త తడిపి గట్టిగా పిండితే అది వాక్స్‌ను తాగేయదు. దానికి చిటికెడు వాక్స్ అందుకుని, బానెట్‌ను మనసులో నాలుగు భాగాలు చేసుకుని, ఒక్కొక్క భాగం మీద పొడవుగా, నిలువుగా రాస్తాను. గుండ్రంగా రాయవచ్చని చెప్పేవారూ ఉన్నారు, కానీ ప్యాడ్‌లో ఏదైనా రేణువు మిగిలి ఉంటే నిలువు గీత కంటే గుండ్రటి గీత ఎండలో తొందరగా కంటికి కనిపిస్తుందని నా అనుభవం. పూత ఎంత పలుచగా ఉండాలంటే, వేశామా లేదా అని పక్కకు వంగి చూసి తెలుసుకోవలసినంత పలుచగా ఉండాలి. మొదటిసారి నేను వెన్న రాసినట్లు దట్టంగా రాసి, ఆరిన తరువాత దానిని తీయడానికి మధ్యాహ్నం వరకు చేతులు నొప్పులు పుట్టేలా తుడిచాను. పెయింటును పట్టుకునేది అడుగునున్న పలుచని పొర ఒక్కటే, మిగతాదంతా గుడ్డకే పోతుంది. చెయ్యి తీరిన తరువాత 200 గ్రాముల డబ్బా నాకు రెండేళ్ళకు పైగా వచ్చింది.

ఎప్పుడు తుడవాలన్నది గడియారం చూసి చెప్పలేము. సముద్రం నుంచి తేమగాలి వీచే రోజు ఆరడానికి ఎక్కువసేపు పడుతుంది, పొడిగాలి రోజు త్వరగా ఆరుతుంది. మసకబారిన పూత మీద వేలితో ఒక గీత గీయాలి. గీత తేటగా, పొడిగా వస్తే తుడవవచ్చు, చారలు సాగితే ఇంకాసేపు ఆగాలి. డబ్బా మీద వెంటనే తుడవమని రాసి ఉంటే మాత్రం ఆ మాటే వినాలి. తుడవడానికి రెండు మైక్రోఫైబర్ గుడ్డలు, ఒకటి పొడిని తీయడానికి, రెండవది మెరుపు తేవడానికి. పాత పంచెలు, బనియన్లు ఎంత మెత్తగా అనిపించినా వాటి కుట్లు పెయింటును గీస్తాయి. సీలెంట్ అయితే గట్టిపడడానికి ఒక రోజు పడుతుంది కనుక ఆ రోజంతా కారును తడవనివ్వకూడదు. మరునాడు రెండవ పూత వేయడం మందం పెంచడానికి కాదు, మొదటిసారి చెయ్యి తప్పిన చోట్లు మూయడానికి.

వాక్స్ తగలకూడని చోట్లూ ఉన్నాయి. నల్లని ప్లాస్టిక్ అంచుల మీద పడితే తెల్లని మరక పట్టేస్తుంది కనుక అక్కడ మాస్కింగ్ టేపు వేసుకోవాలి. పొరపాటున పడితే మెత్తని టూత్‌బ్రష్షు, షాంపూ నీళ్ళతో అప్పుడే తోమేయాలి. ముందు అద్దానికి వేస్తే రాత్రి వేళ ఎదురు లైట్లకు మసక కనిపిస్తుంది. మెరుపు లేని మ్యాట్ పెయింటుకు మామూలు వాక్స్ అసలు వేయకూడదు. దెబ్బ తగిలి కొత్తగా పెయింటు వేయించిన భాగానికి ఒకటి రెండు నెలలు ఆగాలి. కంపెనీలో పెయింటును సుమారు 140 డిగ్రీల వేడి దగ్గర కాలుస్తారు కనుక అది అక్కడే గట్టిపడుతుంది. షెడ్డులో అంత వేడి పెట్టలేరు, ద్రావకాలు మెల్లగా బయటికి పోవడానికి సమయం కావాలి. దాని మీద మైనం మూత పెడితే పెయింటు పాడవుతుంది.

మా నాయన ఒకప్పుడు అంబాసిడర్ నడిపేవారు. రోజూ తెల్లవారుజామున కిరోసిన్‌లో ముంచిన గుడ్డతో కారంతా తుడిచేవారు. అప్పటికి అది తళతళలాడేది, మధ్యాహ్నానికి అంతటా దుమ్ము పట్టేది. ఆ జిడ్డు మైనంలా పెయింటును కాపాడలేదు సరికదా, రబ్బరు బీడింగులను చెడగొట్టేది. ఇప్పుడు నా కారుకు వాక్స్ వేస్తుంటే పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, "ఇక్కడ రాయలేదురా" అని వేలు పెట్టి చూపిస్తుంటారు. ఆయన చూపించిన చోట నిజంగానే చెయ్యి తప్పి ఉంటుంది. పెయింటు పట్ల ఆ శ్రద్ధ నాకు ఆయన నుంచే వచ్చిందని నమ్ముతాను.

ఏడాదిలో రెండుసార్లు పూర్తి పూత వేస్తే మన వాతావరణానికి సరిపోతుంది. నెల్లూరులో ఏడాది వానలో ఎక్కువ భాగం అక్టోబరు నుంచి డిసెంబరు మధ్యనే పడుతుంది. ఒంగోలు వైపు కూడా ఆ నెలలలోనే తుఫాను వానల భయం. కనుక సెప్టెంబరు చివరి వారంలో ఒకసారి, వానల మురికంతా కడిగిన తరువాత ఎండలు ముదరకముందు ఫిబ్రవరిలో ఒకసారి. మధ్యలో ఎప్పుడైనా శుభ్రంగా కడిగిన తరువాత కూడా నీళ్ళు ముత్యాలు కట్టకుండా పల్చగా పరుచుకుంటే పూత అయిపోయినట్లు. కడగకుండా చూస్తే మురికి వల్ల కూడా అలాగే కనిపిస్తుంది, తొందరపడకూడదు.

పని పూర్తయ్యాక గుడ్డలను ఇంటి బట్టలతో కలపకుండా విడిగా, తక్కువ సబ్బుతో ఉతకాలి. బట్టలకు సువాసన కోసం వేసే మెత్తదనపు ద్రవం పోయకూడదు, దానితో మైక్రోఫైబర్ పీల్చుకునే గుణం పోతుంది. నీడన ఆరేసి మూత ఉన్న డబ్బాలో పెట్టుకుంటే చీమకుర్తి దుమ్ము వాటికి అంటదు. ఈ నెలాఖరు ఆదివారం నా కారుకు మళ్ళీ పూత వేయవలసి ఉంది. వాటర్ ప్లాంటులో రెండు క్యాన్లు అదనంగా చెప్పి ఉంచాను.